మలాకీ ఒక్కడికే తెలిసిన రహస్యం

శనివారం ఉదయం మలాకీ టియర్నీ పెట్టుకున్న పని ఒక్కటే: ఇంటి గేటు స్తంభాలకు ఆకుపచ్చ, పసుపు రంగులు వేయడం. మర్నాడు కౌంటీ జూనియర్ హర్లింగ్ ఫైనల్. హర్లింగ్ అంటే ఐర్లండ్‌లో కర్రలతో బంతి కొట్టే ఆట. కిలవారా జట్టు ఆ కప్పు మొహం చూసి ఇరవై తొమ్మిదేళ్లయింది. అందులోనూ రేపటి పోటీ పక్క ఊరు డ్రమ్‌షీల్‌తో. ఆ రెండు ఊళ్ల మధ్య మూడు మైళ్ల రోడ్డు, ఒక వాగు, ముత్తాతల నాటి అనుమానం ఉన్నాయి.

మలాకీ జీవితంలో కర్ర పట్టి ఆడింది పదకొండు నిమిషాలు. పన్నెండో నిమిషంలో ఎవరి మోచేయో తగిలి ముందుపన్ను ఊడింది. అప్పటి నుంచి గీతకు ఇవతల నిలబడి ఆడుతున్నాడు. వానొచ్చినా వడగళ్లొచ్చినా కిలవారా ఆటకు వెళ్లకుండా లేడు. ముప్పై నాలుగేళ్లు పోస్ట్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. అన్నేళ్లలో ఎవరి కవరూ విప్పి చూసిన పాపాన పోలేదు. కార్డులంటారా, అవి విప్పే ఉంటాయి.

రంగు డబ్బా కోసం లోర్కన్ డెవేన్ ఇనుపసామాన్ల కొట్టుకు వెళ్లాడు. లోర్కన్ కొట్టు యజమానే కాదు, జట్టు కోచ్ కూడా. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్లు. మలాకీని చూడగానే లోర్కన్ అటూ ఇటూ చూసి, చెయ్యి పట్టుకుని సిమెంటు బస్తాల వెనక్కి లాక్కెళ్లాడు.

"ఒరేయ్ మలాకీ, ఒక మాట చెబుతాను, కడుపులో పెట్టుకోవాలి."

"చెప్పరా. నా సంగతి నీకు తెలియదూ?"

"తెలుసు. అందుకే నీ ఒక్కడికే చెబుతున్నా. రేపు ఫింటన్ గోల్‌లో నిలబడడు. వాణ్ని ముందుకు పంపుతున్నా, డ్రమ్‌షీల్ గోల్ ఎదురుగా. బంతులన్నీ ఎత్తుగా వాడి నెత్తి మీదకే. ఆ తాడిచెట్టు ముందు ఎవడు గెంతగలడు?"

మలాకీకి ఒళ్లు జలదరించింది. ఫింటన్ ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. తొమ్మిదేళ్లుగా గోల్ ముందు తలుపులా నిలబడ్డాడు. ఆ తలుపును ఊడదీసి శత్రువు నెత్తిన వేయడమంటే మాటలా! అంత పెద్ద రహస్యం ఊరందరిలో తనకొక్కడికే దక్కింది. ఆ సంబరంలో రంగు డబ్బా కొట్టులోనే మరిచిపోయి బయటికొచ్చాడు.

రహస్యం బరువేమిటో అతనికి మైదానం మలుపు దగ్గర తెలిసొచ్చింది. అంతకు ముందు రోజు వరకు దారిలో కనిపించేవాళ్లు మనుషులు. ఇప్పుడు ప్రతివాడూ గూఢచారిలా కనిపిస్తున్నాడు. పాల లారీవాడు చెయ్యూపితే ఎందుకూపాడా అనుకున్నాడు. ఫాదర్ యూజీన్ "రేపు గెలుస్తామంటావా?" అని అడిగితే, ఈయన అమ్మమ్మది డ్రమ్‌షీలేనని గుర్తొచ్చి, "ఆట అన్నాక రెండు జట్లుంటాయి ఫాదర్" అని తప్పుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మైదానం రాతిగోడ మీద ఒక కొత్త మనిషి కనిపించాడు. నెత్తిన ఉన్ని టోపీ, కళ్లకు బైనాక్యులర్లు, ఒళ్లో చిన్న పుస్తకం. గోడ అవతల మన కుర్రాళ్లు బంతులు కొట్టుకుంటున్నారు. ఆ మనిషి చూడటం, రాసుకోవడం, మళ్లీ చూడటం.

మలాకీ పిల్లిలా వెనకనుంచి వెళ్లి నిలబడ్డాడు. పుస్తకంలో అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి: "మొత్తం పదిహేను. తొమ్మిదిన్నరకు పెద్దది ఒకటి ఒంటరిగా ముందుకొచ్చింది. మిగతా పద్నాలుగూ వెనకే."

హర్లింగ్ జట్టులో ఉండేది పదిహేను మంది.

"ఏమయ్యా, ఏం చేస్తున్నావిక్కడ?"

కొత్త మనిషి ఉలిక్కిపడి గోడ మీంచి జారబోయాడు. "పిట్టలు చూస్తున్నానండీ. నా పేరు లెనిహన్, డబ్లిన్ నుంచి వచ్చాను. వంకర ముక్కు కర్లూ పిట్టలు ఈ వైపు కనిపించి ఆరేళ్లయింది. అదిగో, ఆ మూల తడి గడ్డిలో మేస్తున్నాయి."

"పిట్టలా! మా మైదానంలోనా! ఫైనల్ ముందు రోజునా!"

"వాటికి ఫైనల్ సంగతి తెలియదు కదండీ."

"ఎక్కడ దిగావు?"

"డ్రమ్‌షీల్‌లో. అక్కడ గది దొరికింది."

దొంగ దొరికిపోయాడు. మలాకీ వేలు చూపించి, గొంతు తగ్గించి, "నిజం చెప్పు. మా ఫింటన్ గోల్ వదిలి ముందుకొస్తున్నాడని నీకెవరు చెప్పారు?" అని గద్దించాడు.

"ఫింటన్ ఎవరండీ?"

"అబ్బో, ఏం నటన! ఫింటన్ ఎవరో తెలియదట! రేపు డ్రమ్‌షీల్ గోల్ ముందు నిలబడ్డాక తెలుస్తుందిలే!"

లెనిహన్ పుస్తకం మూసి, సైకిలెక్కి, వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్లిపోయాడు. పిచ్చివాణ్ని తప్పించుకున్నవాడి చూపది. మలాకీ కళ్లకు మాత్రం దొంగచూపులా తోచింది.

ఎవడో చెప్పాడు. చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? ఆ ఎవడెవరో తేల్చాలి. ఊళ్లో ఏ విషయమైనా కన్సెప్టా కొట్టు దాటకుండా బయటికి పోదు. ఆవిడ ముందు గదిలో పచారీలు, వెనక గదిలో పోస్టాఫీసు, మధ్యలో సమాచారం నడుపుతుంది. మలాకీ వెళ్లేసరికి ఆవిడ రొట్టెలు సర్దుతోంది.

"కన్సెప్టా, నా మొహంలోకి చూసి చెప్పు. ఫింటన్ సంగతి ఎవరికైనా చెప్పావా?"

"ఫింటన్‌కేమయింది? కాలు విరిగిందా?"

"నాటకాలొద్దు. వాడు రేపు ముందుకు ఆడుతున్నాడన్న సంగతి."

కన్సెప్టా చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. "ముందుకా! ఫింటనా! మరి గోల్‌లో ఎవరూ?"

ఆవిడకు తెలియదని మలాకీకి అప్పుడు అర్థమయింది. అంటే ఒక క్షణం క్రితం వరకు తెలియదని.

"నేనేమీ అనలేదు. నువ్వేమీ వినలేదు. మేరీ మాత మీద ఒట్టెయ్యి."

"ఒట్టు. నేనెవరికి చెబుతానయ్యా?" అంటూ కన్సెప్టా నడుముకు కట్టుకున్న ఆప్రాన్ అప్పుడే విప్పుతోంది. "అయినా నన్నడుగుతావేం? డ్రమ్‌షీల్ పిల్ల నీ ఇంట్లోనే ఉంది కదా. వెళ్లి ఆవిణ్ని అడుగు."

ఆ మాట మలాకీ చెవిలో ముల్లులా దిగింది. అతని భార్య డింఫ్నా పుట్టింది డ్రమ్‌షీల్‌లో. ఆమె అన్న బార్ట్‌లీ హెనఘన్ ఆ జట్టును ఎంపిక చేసే ముగ్గురిలో ఒకడు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో డింఫ్నా మీద అతనికి ఎప్పుడూ అనుమానం రాలేదు. ఇన్నేళ్ల అనుమానం ఎక్కడో పోగుపడి ఉన్నట్టు ఇప్పుడు ఒక్కసారిగా వచ్చింది. వారం రోజులుగా ఆమె తరచూ తోట వెనక పాకలోకి వెళుతోంది. తనొస్తే తలుపు మూస్తోంది. నిన్న అడిగితే "ఎలకలు" అంది. ముప్పై ఎనిమిదేళ్లలో ఎలకను చూసి పాకలోకి వెళ్లిన మనిషి కాదు. పాకలోంచి బయటికొచ్చే మనిషి.

ఇంటి వెనకవైపు నుంచి వెళ్లి వంటింటి కిటికీ కింద కూర్చున్నాడు. లోపల డింఫ్నా ఫోన్‌లో మాట్లాడుతోంది.

"అన్నయ్యా, పెద్దదాన్ని అన్నిటికంటే ముందు పెట్టు. మిగతావి వెనక వరసలో... ఆఁ, ఆ పెద్దదే. అంత పెద్దది మీ ఊళ్లో ఎవరూ చూసుండరు... లేదు లేదు, మలాకీకి తెలియదు. తెలిస్తే నన్ను ఇంట్లోంచి గెంటేస్తాడు."

మలాకీకి కళ్ల ముందు మైదానం గిర్రున తిరిగింది. తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. డింఫ్నా అతన్ని చూసి, తొణకకుండా రిసీవర్‌ను బల్ల మీద వెల్లకిలా పెట్టింది.

"డింఫ్నా! ఇంత పని చేస్తావా! ఫింటన్‌ను గోల్ ముందు నిలబెడుతున్నారని మీ అన్నకు చెప్పేశావా?"

"ఏ గోల్ ముందు?"

"వాళ్ల గోల్ ముందు!"

"మన గోల్ వదిలేసి?"

"అవునే, మన గోల్ వదిలేసి! బంతులన్నీ వాడి నెత్తి మీదికే కొడతారని కూడా చెప్పేశావా, లేక అదింకా మిగిల్చావా?"

బల్ల మీద రిసీవర్ దగ్గింది. తర్వాత బార్ట్‌లీ గొంతు సన్నగా, మహా మర్యాదగా వినబడింది. "అది మిగిల్చింది బావా. ఇప్పుడు నువ్వు పూర్తి చేశావు." ఆపైన ఠక్కున ఫోన్ పెట్టేసిన చప్పుడు.

మలాకీ కుర్చీలో కూలబడ్డాడు. డింఫ్నా ఓ కప్పు టీ అతని ముందు పెట్టి, కోటు తొడుక్కుంది.

"ఎక్కడికి?"

"డ్రమ్‌షీల్‌కు. పనుంది. గూఢచారికి పనులుండవా?" అని తలుపు వేసుకుని వెళ్లిపోయింది. ఆమె గొంతులో కోపం లేదు. కోపముంటే మలాకీకి కాస్త ధైర్యంగా ఉండేది.

టీ చల్లారేదాకా ఆలోచించాడు. ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత చేతికందిన కప్పు తన నోటి వల్లే జారిపోబోతోంది. లోర్కన్‌కు చెప్పే మొహం లేదు. మిగిలిన దారి ఒక్కటే. తనే డ్రమ్‌షీల్ వెళ్లి, ఆ మాట అబద్ధమని నమ్మించాలి. అబద్ధాన్ని నిజమని నమ్మించడం కష్టం గానీ, నిజాన్ని అబద్ధమని నమ్మించడానికేం, నిమిషం పని అనుకున్నాడు.

డ్రమ్‌షీల్ ఊరి హాలు ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి. ఆ రోజు అక్కడ కూరగాయల పోటీ. లోపల పొడవాటి బల్లల మీద బంగాళాదుంపలు, క్యారెట్లు, జామ్ సీసాలు. మధ్య బల్ల మీద ఉల్లిపాయలు. అన్నిటికంటే ముందు, పసిపిల్లాడి తలకాయంత ఉల్లిపాయ ఒకటి బంగారు రంగులో మెరుస్తోంది. దాని వెనక వరసలో చిన్నవి ఆరు. పక్కన ఎర్ర కార్డు: "మొదటి బహుమతి. డింఫ్నా హెనఘన్."

హెనఘన్ ఆమె పుట్టింటి పేరు.

పెద్దది ముందు, మిగతావి వెనక. మలాకీకి చెవులు వేడెక్కాయి. పాక తలుపు, ఎలకలు, ఫోన్, అన్నీ ఉల్లిపాయలే. పెళ్లాం శత్రువుల ఊళ్లో ఉల్లిపాయల పోటీకి దిగడం మామూలు రోజుల్లో అయితే క్షమించరాని నేరమే. కానీ ఈరోజు తను చేసిన దాని పక్కన అది ఉల్లిపొరంత పల్చగా కనబడింది.

ఇంతలో టీ బల్ల దగ్గర నుంచి ఎవరో అరిచారు. "ఇదిగో, ఈయనే! ఫింటన్ ముందుకొస్తున్నాడని నాతో అన్నది ఈయనే! ఇంతకీ ఆ ఫింటన్ ఎవరండీ?" అరిచింది పిట్టల లెనిహన్. చేతిలో కేకు ముక్క. చుట్టూ పాతికమంది డ్రమ్‌షీల్ వాళ్లు. వాళ్ల మధ్యలో బార్ట్‌లీ.

"రా బావా, రా," అన్నాడు బార్ట్‌లీ. "పొద్దున ఈయన చెప్పాడు. నమ్మలేదు. పదింటికి కన్సెప్టా మా వదినకు ఫోన్ చేసి ఒట్టేయించుకుని చెప్పింది. సగం నమ్మాం. తర్వాత నువ్వే చెప్పావు. ఇప్పుడు స్వయంగా వచ్చావు. ఏం సంగతి?"

మలాకీ గొంతు సవరించుకున్నాడు. "అదంతా అబద్ధం. ఫింటన్ ముందుకు రావడం లేదు."

"అలాగా!"

"రాడు. గోల్‌లోనే ఉంటాడు. ఎప్పటిలాగే."

"ఆ ముక్క చెప్పడానికి మూడు మైళ్లు వచ్చావా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మలాకీ దగ్గర్లో ఉన్న కుర్చీ ఎక్కి, చెయ్యి పైకెత్తి, హాలంతా వినబడేలా అన్నాడు. "మేరీ మాత మీద ఒట్టు! మా అమ్మ సమాధి మీద ఒట్టు! రేపు ఫింటన్ మా గోల్ వదిలి ఒక్క అడుగు కూడా ముందుకేయడు!"

వెనక నుంచి ఒక ముసలాయన తీర్పు చెప్పాడు. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు. ఇక అనుమానం లేదు, వాడు వస్తున్నాడు."

బార్ట్‌లీ తోటి ఎంపికదారులిద్దరినీ తీసుకుని పక్కగదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. డింఫ్నా ఉల్లిపాయల బల్ల దగ్గర నిలబడి కుర్చీ మీదున్న మొగుణ్ని చూసింది. "దిగు, పడతావు" అంది. అంతే.

ఆదివారం మధ్యాహ్నం మైదానం కిక్కిరిసింది. మలాకీ అందరికీ దూరంగా, మూల జెండా దగ్గర, టోపీ కళ్ల మీదికి లాక్కుని నిలబడ్డాడు. డ్రమ్‌షీల్ జట్టు దిగింది. చూస్తే, వాళ్ల పాయింట్లలో సగం ఒంటిచేత్తో తెచ్చే ఎర్రజుట్టు ఫెలిమ్ ముందు వరసలో లేడు. వెనక్కొచ్చి సొంత గోల్ దగ్గర నిలబడ్డాడు. పక్కన ఇంకొక బండలాంటివాడు. ఇద్దరూ ఫింటన్ కోసం కర్రలు పట్టుకుని ఎదురు చూస్తున్నారు.

కిలవారా జట్టు దిగింది. ఫింటన్ మెల్లగా నడుచుకుంటూ వచ్చి, తొమ్మిదేళ్లుగా నిలబడుతున్న చోటనే, సొంత గోల్ ముందు నిలబడ్డాడు.

మలాకీ టోపీ పైకెత్తి చూశాడు. మళ్లీ చూశాడు. లోర్కన్ మనసు మార్చుకున్నాడా? ఎవడు మార్పించాడు? అనుమానం కొత్త దారిలో పరుగెత్తింది.

గీత దగ్గర బార్ట్‌లీకి అంతకంటే పెద్ద అనుమానం. "కదలొద్దు ఫెలిమ్!" అని అరిచాడు. "ఇది ఎత్తు! మనం కదలగానే వస్తాడు!" పది నిమిషాలు గడిచాయి. ఫింటన్ రాలేదు. "రెండో సగంలో వస్తాడు! మలాకీ ఒట్టేశాడు, రాక చస్తాడా!" రెండో సగం మొదలైంది. ఫెలిమ్ తన గోల్ దగ్గర గడ్డి పీక్కుంటూ, రాని మనిషి కోసం కాపలా కాశాడు. అతను లేని డ్రమ్‌షీల్ ముందు వరస బంతిని పైకి పంపితే గాలికి పోయేది. కిందకు పంపితే ఫింటన్ చేతిలో పడేది. ఆఖరి ఆరు నిమిషాల్లో బార్ట్‌లీకి తెలివొచ్చి ఫెలిమ్‌ను ముందుకు తోలాడు. అతను వచ్చీరాగానే గబగబా నాలుగు పాయింట్లు కొట్టాడు. ఐదోదానికి కర్ర ఎత్తేసరికి విజిల్ పడింది.

కిలవారా ఒక్క పాయింటుతో గెలిచింది.

జనం గోడలు దూకి మైదానంలోకి విరుచుకుపడ్డారు. ఫాదర్ యూజీన్ ఎవరినో కావలించుకుని ఏడుస్తున్నాడు. లోర్కన్ ఆ గుంపులోంచి ఈదుకుంటూ వచ్చి మలాకీని గాల్లోకి ఎత్తేశాడు.

"నువ్వు గెలిపించావురా!"

"నేనా! ఒరేయ్, నేను చేసిన పని నీకు తెలిస్తే..."

"తెలుసు. ఊరందరికీ తెలుసు. కుర్చీ ఎక్కావట కూడానూ! అంతదాకా నేను ఆశించలేదు."

మలాకీ మొహం పాలిపోయింది. "అంటే... నాతో చెప్పింది అబద్ధమా?"

"మరి డ్రమ్‌షీల్ వాళ్లకు నిజం ఎలా చెప్పమంటావు?"

"నన్ను వాడుకున్నావా లోర్కన్? ఒకే బెంచీ మీద కూర్చున్నవాణ్ని?"

లోర్కన్ నవ్వు కాస్త తగ్గింది. మలాకీని కిందికి దించి, కోటు సర్దాడు. "నా మీద కోప్పడకు. ఫెలిమ్‌ను ఆపే మగాడు మన ఊళ్లో లేడని గురువారం కొట్లో తల పట్టుకుని కూర్చున్నా. ఉల్లిపాయలు కట్టుకునే పురికొస కోసం వచ్చిన మనిషి చెప్పింది. 'మీరు ఆపక్కర్లేదు, వాళ్ల చేతే ఆపించండి. మా ఆయనకు ఒక రహస్యం చెప్పండి. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు' అని."

మలాకీ వెనక్కి తిరిగాడు. డింఫ్నా గీత దగ్గర ఫ్లాస్కులోంచి టీ పోస్తోంది. ఎప్పటిలాగే, ఆటగాళ్లందరికీ.

దగ్గరకెళ్లి నిలబడ్డాడు. "ఫోన్ పెట్టెయ్యడం మరిచిపోయావనుకున్నా" అన్నాడు.

"మరిచిపోలేదు."

"మీ సొంత అన్న కదే."

డింఫ్నా కప్పు అతనికి అందించింది. "ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ జట్టు చొక్కాలు ఉతుకుతున్నా మలాకీ. కన్సెప్టా ఇప్పటికీ నన్ను డ్రమ్‌షీల్ పిల్ల అంటుంది. మన ఊరి పోటీలో నా ఉల్లిపాయలకు ఒక్క ఏడూ కార్డు ఇవ్వలేదు, ఆవిడే న్యాయనిర్ణేత కాబట్టి. అది ఫరవాలేదు. కానీ నిన్న ఆవిడ ఒక్క మాట అనగానే నువ్వు వచ్చి కిటికీ కింద కూర్చున్నావు చూడూ..." ఆగింది. "నీ టోపీ కనిపించిందిలే."

మలాకీ తల దించుకున్నాడు. "తప్పయిపోయింది డింఫ్నా. మన ఊళ్లో నీ అంత మన ఊరి మనిషి ఇంకెవరూ లేరు."

"ఆ మాట గట్టిగా అను. కన్సెప్టా వెనకే ఉంది."

అన్నాడు. వెతికితే అక్కడ కుర్చీ దొరకలేదు గానీ, గోడెక్కి మరీ అన్నాడు. ఆ గోల మధ్యలో ఎంతమంది విన్నారో తెలియదు. కన్సెప్టా వింది. సాయంత్రానికి ఊరంతా వింది.

మర్నాడు గేటు స్తంభాలకు రంగులు వేసింది డింఫ్నా. మలాకీ నిచ్చెన పట్టుకున్నాడు. ఆపై ఏడాదంతా బార్ట్‌లీ తన చెల్లెలితో వాతావరణం గురించి తప్ప మరో మాట ఎత్తలేదు. అదీ నిన్నటి వాతావరణం.